అమెరికా గౌనుకు నా ఆది జాకెట్టు

ఆ రోజుల్లో కోపం తెచ్చుకోవడానికి ఎవరూ పెద్దగా కష్టపడవలసిన పని ఉండేది కాదు. పొద్దున బంద్, మధ్యాహ్నం రాస్తారోకో, సాయంత్రం టీవీలో చర్చ. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఏ గోడ చూసినా ఎవరి మీదో ఎవరికో ఉన్న కోపం అడుగెత్తు అక్షరాల్లో కనిపించేది. తెలంగాణ ఇస్తారా, ఇవ్వరా అని షేర్ ఆటోలో ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఒకరినొకరు నిలదీసుకునేవాళ్ళు. దానికి తోడు నాకు పందొమ్మిదేళ్ళు, డిగ్రీ రెండో సంవత్సరం, రోజూ నిలబడి వెళ్ళే సిటీ బస్సు. ఇన్ని ఉండి కూడా కోపం రాని మనిషిని దవాఖానలో చూపించాలి. అయితే ఆ ఏడాది నాకు వచ్చిన కోపాలన్నిటిలోకీ పెద్దది ఢిల్లీ మీద రాలేదు, అసెంబ్లీ మీద రాలేదు. నూట ఇరవై ఏళ్ళ కిందట అమెరికాలో ఒక ఆడపిల్లల కాలేజీలో వంట చేసిన ఒక మనిషి కారణంగా వచ్చింది.

ఇప్పుడది ఎందుకు గుర్తొచ్చిందంటే, ఇవాళ మా పాప స్కూలు డైరీలో వాళ్ళ టీచరు ఎర్ర సిరాతో ఒక మాట రాసి పంపింది. పాప క్లాసులో ‘ఏంది’ అంటోందట, ‘గట్ల’ అంటోందట, దయచేసి ఇంట్లో మంచి భాష మాట్లాడాలట. మంచి భాష. పాపకు ఐదేళ్ళు. రాష్ట్రం వచ్చిన చాలా రోజులకు పుట్టిన పిల్ల. ఏ మాట కోసం రోడ్ల మీద అంత గొడవ జరిగిందో ఆ మాటకే ఎర్ర సిరా పడింది. సాయంత్రం నుంచి ఆ డైరీని నాలుగుసార్లు తెరిచి నాలుగుసార్లు మూశాను. పిల్ల పడుకుంది. (మధ్యలో లేచి వెళ్ళి నుదురు మీద చెయ్యి పెట్టి చూశాను. జ్వరం లేదు. ఎందుకుంటుంది, ఎర్ర సిరా పడింది నాకు కదా. అయినా మళ్ళీ ఒకసారి చూసి వస్తాను.)

దిల్‌సుఖ్‌నగర్‌లో మా కాలేజీ అంటే మీరు తోటలూ, పాలరాతి మెట్లూ ఊహించుకోకండి. కింద చెప్పుల షాపు, దాని పైన బ్యాంకు పరీక్షల కోచింగు, ఆ పైన రెండంతస్తుల్లో మేము. మేం ఆర్థికశాస్త్రం చదువుతుంటే కింద నుంచి లెక్కల షార్ట్‌కట్లు మైకులో వినిపించేవి. (డిగ్రీ అయ్యేసరికి రైళ్ళు ఒకదాన్నొకటి దాటే లెక్కలు నాకు మా సబ్జెక్టు కన్నా బాగా వచ్చాయి.) క్లాసులో ఒకే పేరున్న వాళ్ళం నలుగురం ఉండేవాళ్ళం. హాజరు పిలిచేటప్పుడు నలుగురం ఒక్కసారే పలుకుతున్నామని మాకు ఊళ్ళ పేర్లు తగిలించారు. నేను చౌటుప్పల్. నా పక్కన కూర్చునేది రేపల్లె. నిజానికి రేపల్లె పుట్టిందీ పెరిగిందీ దిల్‌సుఖ్‌నగర్‌లోనే. ఆ ఊరు వాళ్ళ నాన్నది. ఆయన కోచింగు పిల్లల కోసం మెస్ నడిపేవాడు. ఉద్యమం వేడెక్కాక బోర్డు మీద ‘ఆంధ్రా’ అన్న మాటకు తెల్లరంగు వేయించాడు. మిగిలిన ‘మెస్’ ఆ చివర ఒంటరిగా, పక్కవాళ్ళెవరో చెప్పకుండా లేచి వెళ్ళిపోయినట్టు కనిపించేది. ఆ రోజుల్లోనే లెక్చరర్లు కూడా మమ్మల్ని ఊళ్ళ పేర్లతో పిలవడం మానేశారు. పరిస్థితులు బాగోలేవని ఒకటో నంబరు, రెండో నంబరు అన్నారు. మేం మాత్రం మానలేదు. ఆమె డబ్బాలో గోంగూర నాది, నా డబ్బాలో సర్వపిండి ఆమెది. ఆ పంపకాల్లో ఏ వివాదమూ ఉండేది కాదు.

ఇంగ్లీషు చెప్పే మేడమ్‌ను మేం గొడుగు మేడమ్ అనేవాళ్ళం. వానాకాలం, ఎండాకాలం, క్లాసు లోపల, బయట ఆవిడ చేతిలో గొడుగు ఉండవలసిందే. బోర్డు మీద చూపించడానికీ, చివరి బెంచీలో కునికేవాళ్ళను లేపడానికీ అదే. కాకినాడ మనిషి. కాలేజీ వార్షికోత్సవానికి ప్రతిసారీ వేసే డాన్సులతో విసుగెత్తి, ఆ ఏడాది తానే ఒక నాటకం రాశారు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న ఒక పాత పుస్తకం చదివి, అందులోని సంగతులు తీసుకుని అల్లిన నాటకం. అమెరికాలో ఆడపిల్లలు అప్పుడప్పుడే కాలేజీలకు వెళుతున్న కాలం. పొద్దున ఆరింటికి గంట. గంట కొట్టగానే ప్రార్థన. రోజూ ఇంత సేపు నడవాలని నియమం. ఇంత సేపు ఎవరితోనూ మాట్లాడకూడదని ఇంకో నియమం. బంధువుల అబ్బాయి చూడటానికి వచ్చినా పక్కన పెద్దావిడ కూర్చోవాలి. రాత్రి పదింటికి దీపాలు ఆర్పాలి. ఇవన్నీ చదివి మేమెవరమూ ఆశ్చర్యపోలేదు. మా హాస్టల్ అమ్మాయిలైతే, పదింటి దాకా దీపం ఉండనిచ్చేవాళ్ళా, ఎంత మంచివాళ్ళు అన్నారు.

కథేమిటంటే, ఆ అమ్మాయిలు వార్డెన్ దొరసాని కళ్ళుగప్పి గదిలో గ్యాసు దీపం మీద గిన్నె పెట్టి, పాలూ చక్కెరా చాక్లెట్టూ కలిపి మన కోవాలాంటి మిఠాయి వండుకుంటారు. దొరికిపోతారు. దొరసాని ఆ తప్పు తీసుకెళ్ళి వంటావిడ మీద వేస్తుంది, సరుకులు ఆవిడే ఇచ్చిందని. అప్పుడు క్లారా అనే విద్యార్థిని పట్టాలిచ్చే సభలో లేచి నిలబడి, తప్పు మాది, ఆవిడది కాదు అని, దానితో పాటు ఆడపిల్లల చదువు గురించీ నియమాల గురించీ ఒక పెద్ద ఉపన్యాసం ఇస్తుంది. ఆ ఉపన్యాసం పేజీన్నర. చదవగానే నాకు ఒళ్ళు జలదరించింది. అది నేనే చెప్పాలనిపించింది. అంతకు ముందు నాకు ఏదైనా అంత గట్టిగా కావాలనిపించిన గుర్తు లేదు. ఇంటికి వెళ్ళే బస్సులోనే సగం కంఠస్థం చేశాను.

మరునాడు పాత్రలు పంచారు. క్లారా రేపల్లెకు వచ్చింది. గొడుగు మొన నా వైపు తిరిగింది.

“వంటావిడ బ్రిజిట్ నువ్వమ్మా. నీ నోట్లో ఆ యాస ఎంత సహజంగా ఉంటుందో. హాలంతా పగలబడి నవ్వుతారు చూడు.”

అప్పుడు చూశాను కాగితాలు సరిగ్గా. దొరసాని అచ్చు పుస్తకంలా మాట్లాడుతుంది. క్లారా అంతకన్నా పుస్తకంలా మాట్లాడుతుంది. అమెరికా అంతా కలిపి ఒక్క వంటావిడ మాత్రం ‘ఏంది దొరసానమ్మా, గట్లంటవ్’ అంటుంది. ఎందుకని అడిగితే మేడమ్ సంతోషంగా వివరించారు. ఆ కాలంలో అక్కడ వంటపనికి ఐర్లండ్ నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఉండేవాళ్ళట, వాళ్ళ ఇంగ్లీషు వినగానే మిగతావాళ్ళకు నవ్వొచ్చేదట, దాన్ని తెలుగులోకి ఎలా తేవాలా అని చాలా ఆలోచించారట. చాలా ఆలోచించి మా ఇంటి మాట దగ్గరికి వచ్చారన్నమాట. క్లారా నేను చేస్తాను మేడమ్, ఉపన్యాసం నాకు వచ్చేసింది అన్నాను. ఆవిడ నా భుజం తట్టి, “క్లారా చదువుకున్న పిల్ల కదమ్మా” అన్నారు.

చెడ్డ మనిషి కాదు. ఆ మాట చెడ్డగా అనలేదు కూడా. ఫీజు కట్టలేని పిల్లల తరఫున ప్రిన్సిపాల్ గదిలో గొడవపడేది ఆవిడే. అందుకే ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది. నేనేం చేస్తున్నట్టు అక్కడ? కింద షాపులో చెప్పులు కొంటున్నానా? సినిమాల్లో రౌడీకీ, పనివాడికీ, తాగుబోతుకూ మా మాట పెట్టింది చాలక, సముద్రాలు దాటి అమెరికా వెళ్ళినా మాకు గరిటే ఇస్తారా? ఇవన్నీ నేను ఆవిడ ముందు అనలేదు. బస్సులో కిటికీకి చెప్పాను. బస్సు కొత్తపేట దాటేసరికి నా మనసులో ఒక పెద్ద సభ జరిగి, తీర్మానం కూడా అయిపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ మిషను మీద ఉంది. నాన్న ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే షెడ్డులో పనిచేసేవాడు. అమ్మ ఎల్బీనగర్‌లో మేము కిరాయికున్న ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని కాలనీ ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టేది. తలెత్తకుండానే అడిగింది.

“ఏం ఏషం ఒచ్చింది బిడ్డా?”

“హీరోయిన్,” అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలియదు. మిషను ఆగిపోయింది. అమ్మ లేచి వెళ్ళి పక్కింటామెకు, ఎదురింటామెకు చెప్పి వచ్చింది. అప్పటికింకా నేను చెప్పులు విప్పలేదు. అంతటితో ఆగితే బాగుండేది. మరుసటి నెల, నాటకంలో గౌన్లు ఎవరు కుడతారన్న ప్రశ్న వచ్చింది. మా అమ్మ కుడుతుందని క్లాసంతా నన్ను చూపించింది.

అమ్మ పద్ధతి ఒకటి చెప్పాలి. అమ్మకు టేపు మీద నమ్మకం లేదు. టేపు పెట్టగానే అందరూ పొట్ట లోపలికి గుంజి అబద్ధపు కొలత ఇస్తారని ఆమె అభిప్రాయం. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఇమ్మంటుంది. దాన్ని బల్ల మీద పరిచి, చుట్టూ చాక్‌పీసుతో గీసి, కొత్త గుడ్డ కోస్తుంది. దాన్నే ఆది జాకెట్టు అంటారు. అలా గొడుగు మేడమ్ నాటకంలో ఉన్న ఆరుగురి ఆది జాకెట్లూ ఒక సంచీలో వేసి, ఒక్కోదానికి పాత్ర పేరు రాసిన చీటీ గుండుసూదితో గుచ్చి నాకిచ్చారు. ఎల్బీనగర్‌లో బస్సు దిగి, మిర్చిబజ్జీల బండి పక్కన నిలబడి నేను చేసిన పని ఇది: రేపల్లె జాకెట్టు మీదున్న ‘క్లారా’ చీటీ తీసి నా జాకెట్టుకు గుచ్చాను, నా ‘బ్రిజిట్’ తీసి ఆమెదానికి గుచ్చాను. లేకపోతే సంచీ తెరిచిన మరుక్షణం అమ్మకు తెలిసిపోతుంది. ఒక్కరోజు గడవనిచ్చి నిజం చెప్పేద్దామనే అనుకున్నాను. ఆ మర్నాడు బంద్. ఆ మర్నాడూ బంద్. (బంద్ అయితే నువ్వు ఇంట్లోనే, అమ్మ ముందే ఉన్నావు కదా, చెప్పవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అడగకండి.) మూడో రోజుకు క్లారా గౌను కోసం తెచ్చిన నీలం గుడ్డ మీద కత్తెర పడింది.

పుస్తకంలోని బొమ్మను మేడమ్ జిరాక్స్ తీసి ఆ సంచీలోనే పెట్టారు. భుజాల దగ్గర బూరెల్లా ఉబ్బిన చేతులు, గొంతు దాకా మూసిన మెడ, నేలను ఊడ్చే అంచు. అమ్మ ఆ బొమ్మను వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసి, ఇది గౌను కాదు, గుడారమని తేల్చింది. తేల్చి, పది రోజుల్లో ఆరు గుడారాలూ కుట్టింది.

వార్షికోత్సవానికి ముందురోజు కాలేజీలో వేసుకుని చూశాం. క్లారా గౌను రేపల్లెకు నడుము దాకా వచ్చి అక్కడ నిలిచిపోయింది. రేపల్లె మెస్ వాళ్ళ అమ్మాయి, పొడుగూ లావూ నాకన్నా రెండింతలు. ఇద్దరు పట్టి లాగితే ఎలాగో ఎక్కింది కానీ వెనక గుండీలు ఒకదాన్నొకటి చూసుకోవడానికి కూడా వీల్లేనంత దూరంలో ఉండిపోయాయి. నేను బ్రిజిట్ గౌనులో దుప్పటి కప్పిన కుర్చీలా ఉన్నాను. గొడుగు మేడమ్ చుట్టూ తిరిగి చూసి, నిట్టూర్చి, నాతో మెల్లగా అన్నారు, “మీ అమ్మగారికి ఇలాంటివి అలవాటు లేదేమోనమ్మా. కొలతలు సరిగా రాలేదు.”

మా అమ్మకు కొలతలు రావట. కాలనీలో మూడు వందల జాకెట్లు కుట్టి ఒక్క కుట్టు విప్పని మా అమ్మకు. కోపంతో నా చెవులు వేడెక్కాయి. నోరు తెరిచాను. తెరిస్తే బయటికి రావలసింది చీటీల సంగతి. మూసుకున్నాను. అన్యాయం జరిగినవాళ్ళు నోరు విప్పలేకపోవడమనేది ఎంత కష్టమో, ఆ అన్యాయం చేసింది మనమే అయినప్పుడు అర్థమవుతుంది. రేపల్లె తన మెడ వెనక చెయ్యి పెట్టి ఏదో తడుముకుని, నా వైపు ఒకసారి చూసింది. తర్వాత మేడమ్‌తో, “ఆంటీ బాగానే కుట్టారు మేడమ్. నేనే ఈ మధ్య నెయ్యి ఎక్కువ తిని ఒళ్ళు చేశాను,” అంది. ఏడు పిన్నీసులు పెట్టి, పైన శాలువా కప్పి, నాటకమంతా ప్రేక్షకులకు వీపు చూపించకూడదని నిర్ణయించారు.

వార్షికోత్సవం పదకొండింటికి. పదింటికల్లా కింద రోడ్డు మీద సందడి మొదలైంది. ఆ రోజు వంటావార్పూ అని ముందురోజు సాయంత్రమే పిలుపు వచ్చిందట, నాటకం గొడవలో మేమెవరమూ వినలేదు. వంటావార్పూ అంటే, రోడ్డుకు అడ్డంగా ఇటుకలు పేర్చి పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే వరసలు కూర్చుని తినడం. బస్సులు ఆగిపోతాయి, ఊరు ఆగిపోతుంది, అన్నం ఉడుకుతుంది. మేడ మీద నుంచి చూస్తే చెప్పుల షాపు ముందు వంటకు నాలుగు పెద్ద గంజులు, పొగ, పాటలు, జెండాలు. ముఖ్య అతిథి చైతన్యపురి దాకా వచ్చి వెనక్కి తిరిగారని ఫోను. తల్లిదండ్రులు ఎక్కడివాళ్ళక్కడే. ఇంతలో మెడలో కండువాతో ఒక పొడుగాటి విద్యార్థి నాయకుడు, వెనక పదిమంది పైకి వచ్చి కాలేజీ బంద్ చేయమన్నారు. అప్పుడు చూశాడు మమ్మల్ని, భుజాల మీద బూరెలతో.

“ఏందక్కా గిది?” అన్నాడు మర్యాదగానే.

అమెరికా నాటకమని మాలో ఒకమ్మాయి చెప్పింది. కాలేజీ పిల్లలు వార్డెన్‌కు ఎదురు తిరిగే కథ అని కూడా చెప్పింది. అతను కిందికి, జనం వైపు చూశాడు.

“ఎదురు తిరిగేదైతె పైన ఎందుకు, కిందనే ఆడుర్రి. జనం గూడ ఉన్నరు.”

మేడమ్ మొహం చూడాలి. పదిమంది ఉద్యమకారుల మధ్య తన కాకినాడ నోరు విప్పడానికి ఆవిడకు భయం. రెండు నెలల నాటకం ఊరికే పోతుందేమోనని అంతకన్నా భయం. చివరికి ఒక్క మాట కూడా మాట్లాడకుండా గొడుగు పైకెత్తి, మెట్ల వైపు చూపించారు. ఆ గొడుగు వెనకే దిగాం. మెట్ల మలుపులో రేపల్లె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“నా వల్ల కాదే. నేను నోరు తెరిస్తే తెలిసిపోతుంది. మా నాన్న మెస్ నాలుగు ఇళ్ళవతలే ఉంది. నువ్వు చెప్పవే, నీకెలాగూ వచ్చు కదా.” ఆగి, కొంచెం నవ్వింది. “గౌను కూడా నీదే కదా. మెడ దగ్గర చూశాను, గుడ్డ మీద ఆంటీ చాక్‌పీసుతో నీ ఊరి పేరు రాసి ఉంది.”

చెప్పుల షాపు సగం దించిన షట్టర్ వెనక, ఏడు పిన్నీసులూ తీసి, గౌన్లు మార్చుకున్నాం. రెండూ ఇద్దరికీ ఒంటి మీద పోసినట్టు కుదిరాయి. షాపతను కూడా చెప్పుల పెట్టెల వెనక నుంచి, ఇప్పుడు మంచిగున్నయి అన్నాడు.

రోడ్డు డివైడరు పక్కన నాటకం మొదలైంది. దీపం మీద వండవలసిన మిఠాయి నిజం పొయ్యి మీదే వండాం. దొరసాని వచ్చింది, పట్టుకుంది, వంటావిడ మీద తప్పు వేసింది. రేపల్లె వంతు. అది చెంగు బిగించినట్టు నడుము మీద చెయ్యి పెట్టింది.

“ఓ దొరసానమ్మా, నా మీద పడి ఒర్రుతవేంది? పొద్దుగాల కోడి గూయకముందే లేచి నీ కాలేజికి పొయ్యి రాజేసేది నేను. గా పోరగాండ్లు జరంత తీపి తింటె నీ సొమ్మేం పాయె?”

రోడ్డంతా ఈలలు. పుట్టినప్పటి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో పాలవాడితో, ఆటోవాళ్ళతో, మెస్‌లో అంట్లు తోమే అక్కతో మాట్లాడిన పిల్ల. ఇంట్లో ఒక భాష, గడప దాటితే ఒక భాష. ఇన్నాళ్ళూ ఎవరూ దాన్ని రెండోది మాట్లాడమని అడగలేదు, అంతే. జనం నవ్వారు కానీ, గొడుగు మేడమ్ చెప్పిన నవ్వు కాదది. వంటావిడను చూసి నవ్వలేదు, ఆమె వైపు నిలబడి దొరసానిని చూసి నవ్వారు. ఒక ముసలాయన లేచి దొరసానిని నిజంగానే తిట్టాడు.

ఇక నేను. నా ముందు మా వాళ్ళు. పైన హాల్లో నాకు దక్కనిది ఇక్కడ, నడి రోడ్డు మీద దొరికింది. పేజీన్నరా మా మాటలో చెప్పెయ్యాలని మెట్ల మీదే నిర్ణయించుకున్నాను. ‘మేం గూడ మనుషులమే’ అని మొదలుపెట్టాలి. ఊపిరి తీసుకున్నాను. నోరు తెరిచాను. “మాన్యులారా,” అని వచ్చింది. “దీపపు మసక వెలుతురులో మేము రహస్యముగా అభ్యసించిన అక్షరములను మీరు పట్టపగలు చూడ నిరాకరించుచున్నారు...” ఆపడానికి ప్రయత్నించాను. ఆగలేదు. రెండు నెలలు బస్సులో, స్నానాల గదిలో బట్టీ పట్టిన ఉపన్యాసం, కామాలతో సహా, కాకినాడ సొగసుతో సహా బయటికి వచ్చేసింది. ఎదురుగా గొడుగు మేడమ్ కళ్ళు తుడుచుకుంటున్నారు. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు, పెళ్ళిలో పురోహితుడు మంత్రం ముగించినప్పుడు తలూపుతారే, అలాగ.

గంజు దగ్గర పప్పు కలుపుతున్న ఒక పెద్దమ్మ గరిటె పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుంది. మంచిగా చెప్పావని మెచ్చుకుంది. తర్వాత అడిగింది, “ఏ ఊరు బిడ్డా మీది, విజయవాడ దిక్కా?”

విజయవాడ దిక్కట. నా కోపానికి ఆ రోజు అదే శిఖరం. చౌటుప్పల్ సంత పక్కన పుట్టిన దాన్ని. నోటి దాకా వచ్చింది. ఇంతలో పెద్దమ్మ రేపల్లె వైపు తిరిగి, “గీ పిల్లయితె మనదే, మాట ఇంటుంటెనే తెలుస్తుంది. ఏ ఊరు బిడ్డా?” అంది. రేపల్లె నా వైపు చూసింది. మెట్ల మలుపులో చూసిన చూపే. ముందురోజు పిన్నీసులు గుచ్చుతుంటే నెయ్యి మీద నేరం వేసి నన్ను కాపాడిన మొహమే.

“దానిది చౌటుప్పల్ పెద్దమ్మా,” అన్నాను. “నాదే రేపల్లె.”

పెద్దమ్మ మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. నమ్మిందో లేదో ఇప్పటికీ చెప్పలేను. “ఏ ఊరైతేంది, ఆకలైతది గద. కూసోండ్రి,” అని ఇద్దరికీ చెరో విస్తరి వేసి, పప్పు ముందు నాకే వడ్డించింది. మేమంత బిక్కుబిక్కుమంటూ దాచింది ఆమెకు పప్పులో ఉప్పంత విషయం కూడా కాలేదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటూ తలెత్తితే, పెద్దమ్మ వెనక మా అమ్మ నిలబడి ఉంది. పెళ్ళిళ్ళకు కట్టే చీర, చంకలో సంచీ, కాళ్ళ నిండా దుమ్ము. బస్సులు లేక ఎల్బీనగర్ నుంచి నడిచి వచ్చింది.

“నువ్వు రేపల్లెల ఎప్పుడు బుట్టినవే?” అంది.

గొడుగు మేడమ్ ఆమెను చూసి గబగబా వచ్చారు. గౌన్లు మారిన సంగతి మేడమ్‌కు అప్పటికి అర్థమైనట్టుంది, కానీ ఎలా అడగాలో తెలియక నిలబడ్డారు. అమ్మ నా దగ్గర వంగి, గౌను పక్క కుట్టు దగ్గర అంచు మడిచి లోపలి వైపు చూపించింది. కుట్టు లోపల రెండు వైపులా నాలుగేసి వేళ్ళ వెడల్పున గుడ్డ మడిచి వదిలి ఉంది.

“చీటీలు మార్చిందని నాకు సంచి ఇప్పంగనే ఎర్కైంది మేడమ్. గుండుసూది రెండుసార్లు గుచ్చిన బొక్కలు కానొచ్చినయ్. పిల్లను ఒక్కసారన్న గీ గౌన్ల జూసుకుందామని దాని ఆదితోనే కుట్టిన. గా పిల్లకు కావాల్నంటె పక్క కుట్లు ఇప్పితె సరిపోయేటట్టు బట్ట ఇడిశిన. ఎవ్వరన్న లోపట జూస్తరేమో అనుకున్న.”

ఎవ్వరమూ చూడలేదు. ఏడు పిన్నీసులు పెట్టాం కానీ లోపల ఏముందో తిప్పి చూడలేదు. మేడమ్ గొడుగు చంకలో పెట్టుకుని, ఆ కుట్టును వేళ్ళతో తడిమారు. ఆ రోజు రోడ్డు మీద ఆవిడ మాట్లాడిన మొదటి మాట అదే, అందరికీ వినపడేలా, తన కాకినాడ గొంతుతోనే: “తప్పు నాదేనమ్మా. కొలతలు రానిది నాకు.” ఎవరూ తల తిప్పి చూడలేదు. పక్కన ఎవరో సాంబారు అడుగుతున్నారు.

నేను, అమ్మ నడిచే ఇంటికి వెళ్ళాం. కొత్తపేట పళ్ళ మార్కెట్టు దగ్గర అమ్మ ఆగి, కొంగుతో మొహం తుడుచుకుని అంది, “గౌను మంచిగ కుదిరింది బిడ్డా. గా మాటలనే, ఎవ్వరి ఆదితోని కుట్టుకున్నవ్?” నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. అమ్మ మాత్రం బత్తాయిలు బేరం చేయడం మొదలుపెట్టింది.

రేపల్లె ఇప్పుడు నాగోల్‌లో ఉంటుంది. నా పెళ్ళయి నేను బడంగ్‌పేట వచ్చినా ఫోనులో ఇప్పటికీ నన్ను ‘ఏమే రేపల్లె’ అనే పిలుస్తుంది, నేను దాన్ని చౌటుప్పల్ అంటాను. సాయంత్రం డైరీ సంగతి చెప్పగానే అవతల నుంచి అగ్గి మీద గుగ్గిలమైంది. “రేపు నేనొస్త. గా టీచరమ్మతోని నేన్మాట్లాడ్త. నువ్వు సప్పుడు జేయకుండ పక్కన నిలవడు,” అంది. నిజానికి అదే నయం. నేను జవాబు రాయడానికి కూర్చుని గంటయింది. మొదట ఇంగ్లీషులో రాశాను, బ్యాంకు అప్పు కోసం దరఖాస్తులా వచ్చింది. చించాను. తెలుగులో రాశాను, ‘గౌరవనీయులైన’ అని మొదలై ‘మాన్యులారా’ దాకా పోయేటట్టు కనిపించింది. దాన్నీ చించాను. (ఈ సోది అంతా ఏ భాషలో రాశానో మీరు గమనించే ఉంటారు. గమనించనట్టు ఉండండి.)

చివరికి డైరీలో ఎర్ర సిరా కింద ఒక్క వాక్యం రాశాను. ‘మా పాప మాటల తప్పేంది మేడమ్?’ అచ్చంగా అమ్మ అన్నట్టే వచ్చింది. చూసి నాకే ముచ్చటేసింది. ఆ వెంటనే భయం కూడా వేసింది, రేపు పిల్లను క్లాసులో ఏమైనా అంటారేమోనని. నీలం గౌను వేసుకుని నడి రోడ్డు మీద నిలబడ్డ ఆ పందొమ్మిదేళ్ళ పిల్లయితే దీన్ని పెన్నుతో, అడుగెత్తు అక్షరాలతో రాసేది. నేను పెన్సిలుతో రాశాను. రబ్బరు తీసుకెళ్ళి వంటింట్లో పై అలమరలో, స్టూలు వేసుకుంటే తప్ప అందని చోట పెట్టి వచ్చాను.